మూడు షిఫ్టులకు ముగ్గురు చాలరు: దీవి ఆసుపత్రుల్లో సిబ్బంది ఎందుకు నిలవరు

చెన్నైలో నలభై మంది నర్సులున్న వార్డు నుంచి ఒకరు గల్ఫ్‌కు వెళ్లిపోతే ఇన్‌ఛార్జి సిస్టర్ రెండు వారాలు విసుక్కుంటుంది, డ్యూటీ చార్టు తిరగరాస్తుంది. అక్కడితో ఆ గొడవ తీరిపోతుంది. నికోబార్ దీవుల్లో నలుగురే నర్సులున్న ఆసుపత్రి నుంచి ఒకరు వెళ్లిపోతే రాత్రిపూట కాన్పుల గదిని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న ఆ రోజు సాయంత్రానికే వచ్చి కూర్చుంటుంది. దీవులకు వైద్య సిబ్బందిని తేవడం, నిలబెట్టడం అనే చిక్కుముడి అంతా ఈ తేడాలోనే ఉంది.

"దీవులకు ఎవరూ రావడం లేదు" అని తేల్చేయడం సులువు. నిజానికి వస్తారు. రెండేళ్ల అనుభవం కోసం, పీజీ సీటు మీద ఆశతో, సర్కారు ఉద్యోగమని, కొందరు సముద్రం మీద మోజుతో కూడా వస్తారు. వచ్చినవాళ్లు ఎందుకు నిలవరో చూడకుండా నోటిఫికేషన్ మీద నోటిఫికేషన్ వేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఆ చిల్లు జీతంలో ఉందని చాలామంది అనుకుంటారు. సెలవు దగ్గర ఉందని మా లెక్క.

ముందు దూరాలు చూద్దాం. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,190 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర నుంచి మూడు రోజులు, విమానంలో రెండు గంటల పైచిలుకు. ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, జనం నోట మాత్రం పాత పేరే. అక్కడి నుంచి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే మరో 540 కిలోమీటర్లు దక్షిణాన ఉంటుంది. మొత్తం కేంద్రపాలిత ప్రాంతం జనాభా 2011 లెక్కల్లో 3.8 లక్షలు, అందులో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో నర్సింగ్ చదివే మన పిల్లలకు అండమాన్ పోస్టింగ్ అంటే మరీ పరాయి దేశంలా అనిపించదు. పొరపాటు కూడా అక్కడే జరుగుతుంది. అండమాన్ అంటే పోర్ట్ బ్లెయిర్ అనుకుని సంతకం పెడతారు, ఆర్డరులో నికోబార్ వైపు దీవులైన కమోర్టా అనో చౌరా అనో ఉంటుంది.

ఒక కుర్చీకి ఎంతమంది?

చిన్న ఆసుపత్రిలో రాత్రీ పగలూ ఒక్క నర్సు ఉంటే చాలనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. షిఫ్టుకు ఎనిమిది గంటల చొప్పున రోజుకు మూడు షిఫ్టులు, కాబట్టి ముగ్గురు అంటారు. ఇప్పుడు ఒక మనిషి ఏడాదిలో ఎన్ని రోజులు నిజంగా డ్యూటీలో ఉంటుందో లెక్కవేయండి. 365 రోజుల్లోంచి వారానికొక ఆఫ్ చొప్పున 52, ఆర్జిత సెలవులు (ఈఎల్) 30, సాధారణ సెలవులు (సీఎల్) 8, పండుగ సెలవులు 17, ఒంట్లో బాగోకపోతే 6, శిక్షణకూ ప్రయాణానికీ 12 తీసేస్తే మిగిలేది 240 రోజులు. అంటే 1,920 గంటలు. 8,760ని 1,920తో భాగిస్తే 4.56 వస్తుంది. ఒక్క కుర్చీకి అయిదుగురు కావాలన్నమాట.

నలుగురిని వేస్తే ఏడాదికి 1,080 గంటలు, అంటే 135 షిఫ్టులు లోటు పడతాయి. ఎవరో ఒకరి ఆఫ్ రద్దు చేసి, లేదా రాత్రి చేసినవాళ్లనే పొద్దున కూడా ఉంచి ఆ లోటు పూడుస్తారు. ముగ్గురినే వేస్తే లెక్క ఇంకా నిక్కచ్చిగా తేలుతుంది: ఆ ముగ్గురిలో ఎవరికీ ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా సెలవు ఉండదు. మూడు షిఫ్టులకు ముగ్గురంటే అర్థం అదే. కాగితం మీద ఖాళీలు లేవనే ఉంటుంది. అందరినీ నియమించేశాం కదా అని పై ఆఫీసు ఆశ్చర్యపోతుంది. అక్కడ పని చేసేవాళ్లు మాత్రం రెండో ఏడాది దాకా ఉండరు.

ఈ తప్పుకు మూలం పోస్టులు మంజూరు చేసే పద్ధతిలో ఉంది. మన దేశంలో కొలబద్ద జనాభా. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఉపకేంద్రమైతే 5,000కు, లేదా 3,000కు ఒకటి. పన్నెండు వందల మంది ఉన్న దీవికి ఈ కొలతతో అర ఉపకేంద్రం కూడా రాదు. కానీ జనాభా తగ్గిందని రాత్రి పొట్టిదవదు. గుండెపోటు, పాముకాటు, నెలలు నిండని కాన్పు వచ్చినప్పుడు పక్క మండలానికి పంపడానికి రోడ్డు లేదు. దీవుల విషయంలో కొలబద్ద తలలు కాదు, గంటలు కావాలి.

ఒంటి పోస్టుల సంగతి మరీ ఘోరం. ఎక్స్‌రే టెక్నీషియన్ ఒకరు, ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు, ఫార్మసిస్టు ఒకరు. వీళ్లలో ఎవరు చెల్లెలి పెళ్లికి వెళ్లినా ఆ గదికి తాళమే. దీనికి పనికొచ్చే మందు ఒక్కొక్కరికి సొంత పనితో పాటు ఇంకో పని నేర్పడం: ల్యాబ్ టెక్నీషియన్‌కు ఈసీజీ, నర్సుకు మలేరియా ర్యాపిడ్ పరీక్ష, చక్కెర, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఇంకొకరికి మందుల స్టాకు పుస్తకం. ఎక్స్‌రే మాత్రం అలా చేతులు మార్చకూడదు, దానికి శిక్షణ పొందిన మనిషే ఉండాలి. అక్కడ పోర్ట్ బ్లెయిర్ నుంచి బదులు మనిషిని పంపడం ఒక్కటే దారి.

డబ్బు ఎంత పని చేస్తుంది?

కొంత చేస్తుంది. కేంద్ర ప్రభుత్వ రెగ్యులర్ ఉద్యోగులకు దీవుల్లో ప్రత్యేక విధి భత్యం ఉంది. ఏడవ వేతన సంఘం దాన్ని మూడు మెట్లుగా పెట్టింది: రాజధాని పట్టణం చుట్టుపక్కల బేసిక్ మీద 10 శాతం, కష్టమైన ప్రాంతాల్లో 16, మరీ కష్టమైన వాటిలో 20. నికోబార్ దీవులు చివరి మెట్టులో ఉన్నాయి. నర్సింగ్ ఆఫీసరు మొదటి బేసిక్ 44,900. పోర్ట్ బ్లెయిర్‌లో భత్యం 4,490 రూపాయలు, కాంప్‌బెల్ బేలో 8,980. వైద్యాధికారి బేసిక్ 56,100 అనుకుంటే, మిగతా భత్యాలు పక్కన పెడితే, 5,610కీ 11,220కీ మధ్య తేడా నెలకు 5,610 రూపాయలు.

పట్టణంలో ఉండడానికీ, ఓడ కోసం ఎదురుచూసే దీవిలో ఉండడానికీ మధ్య ప్రభుత్వం కట్టిన వెల అది. కూరగాయలు ఓడలో రావాలి, ఓడ ఆగితే ధర ఎగురుతుంది. పిల్లలను పోర్ట్ బ్లెయిర్‌లోనో చెన్నైలోనో హాస్టల్లో పెడితే రెండు కాపురాలు. ఆ తేడా సొమ్ము అక్కడికక్కడే ఆవిరైపోతుంది. పైగా ఈ శాతాలు రెగ్యులర్ వాళ్లకు. కాంట్రాక్టు మీద కన్సాలిడేటెడ్ జీతానికి, అంటే విడి భత్యాలు లేని ఒకే మొత్తానికి, వెళ్లేవాళ్లు తమ ఆర్డరులో ఏం రాసి ఉందో అదే నమ్ముకోవాలి, పక్కవాళ్ల పే స్లిప్ చూసి ఆశ పెట్టుకోకూడదు.

డబ్బు మనిషిని రప్పిస్తుంది. నిలబెట్టడానికి వేరే సరుకులు కావాలి. మారుమూల ప్రాంతాల్లో ఆరోగ్య సిబ్బందిని నిలబెట్టడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసులు ఇచ్చి 2021లో సవరించింది. చదువు, నిబంధనలు, డబ్బు, వ్యక్తిగత తోడ్పాటు అన్నీ ఒక కట్టగా ఉండాలనీ, ఏ ఒక్కటీ విడిగా పని చేయదనీ వాటి సారాంశం. మన దగ్గర ఆ కట్టలోంచి ఒక పుల్ల లాగి, ఇదే పథకం అంటాం.

వైద్యుల విషయంలో అసలు నాణెం పీజీ సీటు. తమిళనాడు ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. ఇలాంటి కోటాలు పెట్టే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. చెన్నైలో ఎంబీబీఎస్ ముగించిన కుర్రాడు నీలగిరి కొండల్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఆ దారిలో ఒక అడుగు పడుతుంది. అదే మనిషి దీవిలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తే తమిళనాడు లెక్కలో అది సర్వీసే కాదు. దీవి పాలకులు ఎంత జీతం ప్రకటించినా, ఈ గోడను చూడకపోతే దరఖాస్తులు ఎందుకు రావడం లేదో వాళ్లకు అర్థం కాదు.

నర్సులకు పోటీ గల్ఫ్ నుంచి. అక్కడి లైసెన్సులకు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు, చాలా ఏజెన్సీలు అది వంద పడకలు దాటిన ఆసుపత్రిలో అయి ఉండాలంటాయి. పది పడకల దీవి ఆసుపత్రిలో ఒంటి చేత్తో కాన్పులు చేసిన అమ్మాయి సర్టిఫికెట్, చెన్నైలో ఏసీ వార్డులో డ్రిప్పులు మార్చిన అమ్మాయి సర్టిఫికెట్ ముందు తేలిపోతుంది. పరిష్కారం ఖర్చుతో కూడినదేమీ కాదు. నియామకం పోర్ట్ బ్లెయిర్‌లోని జీ.బీ. పంత్ ఆసుపత్రి లాంటి పెద్ద ఆసుపత్రి పేరున చేసి, దీవిలో పనిని అందులో భాగంగా చూపించి, ఏడాదికి నాలుగు వారాలు ఆ పెద్ద ఆసుపత్రి ఐసీయూలోనో లేబర్ రూమ్‌లోనో డ్యూటీ వేస్తే అనుభవ పత్రం బరువు పెరుగుతుంది, చేతిలో పనీ తుప్పు పట్టదు. ఆ నాలుగు వారాలను సెలవులో కోత పెట్టకూడదు. అలా పెట్టిన చోట రెండో ఏడాది ఎవరూ వెళ్లరు.

స్పెషలిస్టును ఎక్కడ పెట్టకూడదు

దీవి పెద్దలు అడిగే మొదటి కోరిక "మాకొక గైనిక్ డాక్టరును వేయండి". వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క చూడండి. అయిదు వేల మంది ఉన్న దీవిలో వెయ్యికి 15 చొప్పున ఏడాదికి 75 కాన్పులు. నూటికి పది, పదిహేను సిజేరియన్లు అనుకుంటే ఎనిమిది నుంచి పదకొండు. నెలకు ఒకటి కూడా సరిగ్గా లేని చోట సర్జన్ చేయి మొద్దుబారుతుంది, మత్తు డాక్టరుది ఇంకా ముందే. రెండేళ్ల తర్వాత పట్నానికి తిరిగి వచ్చినప్పుడు తోటివాళ్ల కంటే వెనకబడ్డానని తనకే తెలుస్తుంది. ఆ భయం తెలిసినవాళ్లు అసలు రారు. తెలియక వచ్చినవాళ్లు ఆర్నెల్లలో బదిలీకి పైరవీ మొదలుపెడతారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఇలాంటి చోటికి కావలసింది నాలుగు పనులు తెలిసిన ఎంబీబీఎస్ డాక్టరు. మన దేశంలో దీనికి దారి ఎప్పుడో వేశారు. ఎంబీబీఎస్ వాళ్లకు అత్యవసర ప్రసూతి చికిత్సలో ఒక శిక్షణ, ప్రాణరక్షక మత్తు నైపుణ్యాల్లో మరొకటి. మత్తు శిక్షణను మొదట 18 వారాలకు రూపొందించారు. ఎక్కడ చెడిందంటే జత కుదర్చడంలో. కోత తెలిసినవారిని ఒక దీవికి, మత్తు తెలిసినవారిని ఇంకో దీవికి వేస్తే రెండు చోట్లా ఆపరేషన్ థియేటర్ ఖాళీయే. ఇద్దరూ ఒకే చోట ఉండి రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ లేకపోయినా అంతే. ఇద్దరు డాక్టర్లు, ఒక ఫ్రిజ్, దానికి ఆగని కరెంటు: ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా మిగతా మూడింటికి పెట్టిన ఖర్చు వృథా.

ఇంతకంటే చిన్న దీవుల్లో సిజేరియన్ ఆలోచనే పెట్టుకోకూడదు. నెలలు నిండే ముందే, అంటే 36వ వారం నాటికే, ప్రమాదం ఉన్న గర్భిణిని ఆసుపత్రి ఉన్న దీవికి చేర్చి, అక్కడ ఆమెకూ తోడు వచ్చిన తల్లికో అత్తకో బస, భోజనం చూడాలి. నొప్పులు మొదలయ్యాక హెలికాప్టర్ కోసం ఫోన్లు చేయడం అన్నింటికంటే ఖరీదైన పద్ధతి. నైరుతి ఋతుపవనాల నెలల్లో, చీకటి పడ్డాక అది ఎగురుతుందన్న నమ్మకం కూడా లేదు.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లిటిల్ అండమాన్, రంగత్ వంటి చోట్లకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక స్పెషలిస్టును వీడియోలో చూడడం సులువైంది. దీని అసలు లాభం రోగికి సలహా దొరకడం ఒక్కటే కాదు. రాత్రి రెండు గంటలకు తానొక్కడే నిర్ణయం తీసుకోవాల్సిన కుర్ర డాక్టరుకు ఒక తోడు గొంతు దొరకడం. ఆ గొంతు పేరు, నంబరు, ఏ వారం ఎవరిదన్న పట్టిక గోడ మీద లేకపోతే మాత్రం కేబుల్ ఉన్నా సినిమాలకే పనికొస్తుంది.

ఎవరిని పంపాలి

స్థానికులను చదివించడం కంటే గట్టి మార్గం ఇంకా దొరకలేదు. జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) నుంచి కొద్దిమంది విద్యార్థులను తీసుకుంటుంది. ఆరేళ్ల చదువు ఖర్చు అప్పుగా ఇస్తుంది. సొంత ప్రిఫెక్చర్‌లో తొమ్మిదేళ్లు, అందులో మారుమూల పల్లెలు, దీవుల్లో కూడా పని చేస్తే అప్పు మాఫీ. చదువు అయ్యాక ఇన్నాళ్లు సర్కారు చెప్పిన చోట పని చేస్తామని రాయించుకునే మన బాండ్లకూ దీనికీ తేడా ఎక్కడుందంటే, అక్కడ మనిషిని పంపేది తన ప్రాంతానికే. మన బాండు ఎవరినో తీసుకెళ్లి ఎక్కడో పడేస్తుంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు జరిమానా కట్టి బయటపడతారు, కట్టలేనివాళ్లు రోజులు లెక్కపెడుతూ కూర్చుంటారు.

ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలో 1976లో మొదలైన పద్ధతి ఇంకా ముచ్చటైనది. ఊరే విద్యార్థిని ఎంపిక చేస్తుంది. ముందు మంత్రసాని చదువు, ఊరికి వెళ్లి పని. తర్వాత నర్సింగ్, మళ్లీ ఊరు. ఆ పైన వైద్యం. మెట్లెక్కేకొద్దీ ఊరితో ముడి తెగదు, మధ్యలో ఆగిపోయినా చేతిలో ఒక వృత్తి ఉంటుంది. అలాస్కా పల్లెల్లో ఆ ఊరివాళ్లకే మూడు నాలుగు వారాల చొప్పున నాలుగు విడతల శిక్షణ ఇచ్చి, ఒక మాన్యువల్, దూరం నుంచి మాట్లాడే డాక్టరు తోడుగా ఆరోగ్య సహాయకులుగా పెడతారు.

అండమాన్‌లో 2015లో వంద సీట్లతో వైద్య కళాశాల మొదలైంది. అది మంచిదే, కానీ పోర్ట్ బ్లెయిర్ కుర్రాడు కార్ నికోబార్‌కు స్థానికుడు కాడు. మనుషులు కొరవడేది నర్సు, ఏఎన్ఎం (ఊళ్లో కాన్పులు, టీకాలు చూసే సహాయక నర్సు), ల్యాబ్ స్థాయిలో, నికోబారీ మాట్లాడగలిగిన మనుషుల్లో. ఒక నికోబారీ అమ్మాయి ఏఎన్ఎం అయితే ఆ ఊరు ఇరవై ఏళ్లు ఆ సమస్య మరిచిపోవచ్చు.

భార్యాభర్తలిద్దరినీ ఒకేసారి నియమించడం మంచి ఉపాయంగా చెబుతారు. ఒక హద్దు వరకే మంచిది. నలుగురి జట్టులో ఇద్దరు దంపతులైతే సెలవు ఒకేసారి అడుగుతారు, రాజీనామా కూడా ఒకేసారి ఇస్తారు. జట్టులో కనీసం ఆరుగురు ఉన్నప్పుడే ఒక జంటను వేయడం క్షేమం.

చెన్నైలో సంతకం పెట్టే ముందు

"అమ్మాయిని అంత దూరం ఒంటరిగా పంపుతామా?" అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు క్వార్టర్స్‌లో ఉంటుంది. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గర, లోపలి గడియ, దోమతెర కిటికీలు, వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు, ఆసుపత్రి జనరేటరు లైను. ఈ అయిదూ జాయినింగ్ తేదీకి ముందే సిద్ధంగా ఉన్నాయో లేదో ఫోటోలు అడిగి చూసుకోవాలి. ఉప్పుగాలికి తలుపు గడియలే ముందు తుప్పు పడతాయి, ఫోటో పాతదైతే లెక్కలోకి రాదు.

నికోబార్ దీవులకు 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ నిబంధనల కింద గిరిజన పాస్ కావాలి. ఉద్యోగికి ఆఫీసు చూస్తుంది, వెంట వచ్చే భర్తకో తల్లికో విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. అది మరిచిపోయి కుటుంబంతో పోర్ట్ బ్లెయిర్ దిగితే ఓడ ఒకటి తప్పిపోతుంది, తర్వాతి ఓడ ఎప్పుడో వాతావరణం చెబుతుంది. నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఎవరికి అవసరమో నోటిఫికేషన్ చూసి ముందే దరఖాస్తు పెట్టాలి.

ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి. నాకంటే ముందు ఆ పోస్టులో ఉన్నవాళ్లు ఎన్నాళ్లున్నారు, ఎందుకు వెళ్లారు? నేను సెలవు పెడితే చార్టులో నా బదులు ఎవరి పేరు రాస్తారు? రెండేళ్ల తర్వాత నన్ను రిలీవ్ చేసే తేదీ ఆర్డరులో ఉంటుందా? రెండో ప్రశ్నకు "చూసుకుందాంలే అమ్మా" అన్న జవాబు వస్తే, అక్కడ ఎవరూ లేరని అర్థం.

మూడో ప్రశ్న మీద పాలకులు ఎక్కువ తప్పు చేస్తారు. "రిలీవర్ వచ్చేదాకా రిలీవ్ చేయం" అన్న ఒక్క మాట ఉన్నవాళ్లను మరో ఏడాది కట్టేస్తుంది, రాబోయే పదేళ్ల మనుషులను భయపెడుతుంది. చెన్నై హాస్టళ్లలో ఆ కబురు నోటిఫికేషన్ కంటే వేగంగా తిరుగుతుంది. తేదీ ఖాయమని తెలిస్తే రెండేళ్లకు వచ్చినవాళ్లలో కొందరు మూడో ఏడాది తామే అడిగి ఉంటారు.

డ్యూటీ లేని రోజు నిజంగా లేకుండా పోవడం మరో బాధ. చిన్న దీవిలో డాక్టరు ఇల్లు అందరికీ తెలుసు. ఒకే ఒక ఆన్‌కాల్ ఫోను పెట్టి, ఆ రోజు డ్యూటీ ఎవరిదైతే వాళ్ల చేతిలో ఉంచి, సొంత నంబరు ఎవరికీ ఇవ్వకూడదన్న నియమం మొదటి రోజే పంచాయతీ పెద్దల చెవిన, నికోబార్‌లోనైతే ఊరి కెప్టెన్ (అక్కడి ఊరిపెద్ద) చెవిన వేయాలి. నెల తర్వాత చెబితే పొగరనుకుంటారు.

శాశ్వతంగా ఉండేవాళ్లు దొరకని చోట వంతుల పద్ధతి పనికొస్తుంది. ఇద్దరు డాక్టర్లు ఎప్పుడూ దీవిలో ఉండాలి, ఎనిమిది వారాలు పని, నాలుగు వారాలు ఇల్లు అనుకుంటే ముగ్గురి జట్టు చాలు. ఒక షరతు: ఆ ముగ్గురూ మారకూడదు. ప్రతిసారీ కొత్త ముఖం వస్తే టీబీ రోగి మందులు మధ్యలో ఆగుతాయి, బీపీ మాత్ర ప్రతి రెండు నెలలకూ మారుతుంది, కడుపుతో ఉన్న ఆమె తన కథంతా మొదటి నుంచి చెప్పడానికి విసుగుపడి రావడం మానేస్తుంది.

మార్పిడి రోజును ఓడ పట్టికకు కట్టేయకూడదు. అండమాన్‌కూ నికోబార్‌కూ మధ్యనున్న పదో డిగ్రీ కాలువలో సముద్రం లేస్తే ప్రయాణం ఆగుతుంది కాబట్టి రావాల్సినవాళ్లు నాలుగైదు రోజుల ముందే పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలి, ఆ రోజులు డ్యూటీగానే రాయాలి. దిగినవాళ్లూ వెళ్లేవాళ్లూ కనీసం రెండు రోజులు దీవిలో కలిసి ఉంటేనే మందుల గది తాళాలు, ఆక్సిజన్ సిలిండర్ల లెక్క, టీబీ కార్డులు, 36 వారాలు దాటిన గర్భిణుల జాబితా సరిగ్గా చేతులు మారతాయి.